గరిటె చప్పుడు

ఏలీయా గారికి చెవుడు వచ్చిందని మా చర్చిలో మొదట అన్నది నేనే. అనక ఏం చేస్తాను? మగవాళ్ళ వైపు బోలెడన్ని కుర్చీలు ఖాళీగా ఉంటే, ఆయన మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకెళ్ళి సరిగ్గా కుడివైపు స్పీకరు కింద వేసుకుని కూర్చునేవారు. పాట మొదలైతే ఆడవాళ్ళ వైపు చాపల మీద కూర్చున్న మాకే గుండెలు అదిరేవి. ఆయన కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి, పాట అయిపోయేదాకా కదిలేవారు కాదు. నేను సంఘ కార్యదర్శిని, చూస్తూ ఊరుకునే మనిషినీ కాదు. ఒక ఆదివారం వెళ్ళి, "బావగారూ, కాస్త వెనక్కి జరగండి. ఉన్న ఆ కాస్త వినికిడీ పోతుంది" అన్నాను. "ఇక్కడ బాగానే ఉంది టీచరుగారూ" అన్నారు. కుర్చీ జరపలేదు.

ఆయన భార్య ధనమ్మని నేను అక్కా అనేదాన్ని. ఆ వరసన ఆయన నాకు బావగారు. నేను బందరులో ముప్ఫై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఆయనకి నేను టీచరుగారిని. సులోచన అని నాకో పేరుందని ఆయనకి గుర్తుందో లేదో అనుమానమే.

ఏలీయా గారిది దివిసీమ. నాగాయలంక దాటాక ఒక చిన్న పల్లె. తండ్రి జ్ఞానయ్య గారు అక్కడ ఉపదేశి. పాస్టరు గారు రాలేని ఆదివారాల్లో వాక్యం చెప్పేవారు, మిగిలిన రోజుల్లో పిల్లలకి అక్షరాలు దిద్దించేవారు. కొడుకుని బందరు హాస్టల్లో పెట్టి చదివించారు. అక్కడ స్కూలు బ్యాండులో మెడకి డ్రమ్ము తగిలించుకుని ఆగస్టు పదిహేనుకి కవాతు ముందు నడవడమే ఈయన సంగీతానికి ఓనమాలు. డెబ్భై ఏడు ఉప్పెనలో తల్లీ పోయింది, ఇల్లూ పోయింది. సహాయ సామాన్లు దింపేసి ఖాళీగా మద్రాసు తిరిగి వెళ్తున్న లారీ ఎక్కి, పంతొమ్మిదేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. ఏం చేద్దామని వెళ్ళారు అని అడిగితే, "అక్కడ నేల పొడిగా ఉందన్నారు" అనేవారు. 

మద్రాసులో ఒక పెద్ద హోటల్లో బల్లలు తుడిచే పని దొరికింది. ఆ హోటల్లో సాయంత్రాలు నలుగురు కూర్చుని జాజ్ వాయించేవారట. పియానో ముందు కూర్చునే ముసలాయన, బల్ల తుడిచే కుర్రాడి వేళ్ళు బల్ల అంచు మీద ఆడటం కనిపెట్టాడు. డ్రమ్ములాయన జ్వరమొచ్చి రాని రోజున పిలిచి కూర్చోబెట్టాడు. ఆ స్టూలు మీద ఏలీయా గారు పదమూడేళ్ళు ఉండిపోయారు.

"అసలు జాజ్ అంటే ఏంటి బావగారూ?" అని ఒకసారి అడిగాను. బందరులో ఆ మాటకి అర్థం అడిగిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను, ఆయన మొహం అంతలా వెలిగిపోయింది.

"పాట అందరికీ తెలిసిందే ఉంటుంది టీచరుగారూ. కానీ నిన్న వాయించినట్టు ఇవాళ వాయించకూడదు. పక్కవాడు తన వాయిద్యంలో ఒక మాటంటాడు. అది విని మనం జవాబు చెప్పాలి. వాడికి చోటు వదలాలి. కొట్టడం ఎవడైనా కొడతాడండీ, చోటు వదలడమే కష్టం."

"మరి ఇంట్లో ఒక్కరే వాయించుకోవచ్చుగా?"

"ఒక్కడే మాట్లాడుకునేవాణ్ణి ఏమంటారు?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న ఎందుకడిగానా అని తర్వాత చాలాసార్లు నొచ్చుకున్నాను.

తొంభై ఒకటిలో ఆ హోటలు వాళ్ళు నలుగురినీ పంపించేసి టేపు పెట్టారు. ముసలాయన చనిపోయాడు, మిగిలినవాళ్ళు తలో దిక్కూ పోయారు. ఏలీయా గారు ఒక తోలు సంచీతో బందరులో బస్సు దిగారు. సంచీలో ఒక జత తీగ బ్రష్షులున్నాయి. కర్రలకి బదులు వాటితో డ్రమ్ము మీద రాస్తూ వాయిస్తారు, బియ్యం చెరుగుతున్నట్టు మెత్తగా వినపడుతుంది. జ్ఞానయ్య గారు కొడుక్కి వయసు మీరిపోతోందని కంగారుపడి, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే ధనమ్మతో పెళ్ళి జరిపించారు. పిల్లలు కలగలేదు.

బతుకుతెరువుకి పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో చేరారు. గుడివాడ, చల్లపల్లి, ఉయ్యూరు, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి. "క్యాసెట్టులో ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టు గురూ" అనేవారట. అలాగే కొట్టేవారు. డీజేలు వచ్చాక ఆ ఆర్కెస్ట్రాలూ పోయాయి. స్కూళ్ళలో పిల్లలకి కవాతు డ్రమ్ము నేర్పారు. ఆదివారం మాత్రం మా చర్చిలో డ్రమ్ములు ఆయనవే, ఇరవై ఆరేళ్ళు. అక్కడ కూడా ఎప్పుడైనా మనసు ఊరుకోక చిన్న మెలిక వేస్తే, పాట నడిపించేవాళ్ళు వెనక్కి తిరిగి గుర్రుగా చూసేవారు. నేనూ చూశాను ఒకటి రెండుసార్లు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

కరోనా వచ్చి చర్చిలు మూసేశారు. రాజ్ కుమార్ అని ఒక కుర్రాడు, కోనేరు సెంటర్లో వాడికి సెల్‌ఫోన్ల రిపేరు షాపు ఉంది, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆరాధన ఫోన్లో పెట్టాలంటే తాళం కావాలని ఏలీయా గారింటికి వెళ్ళి, ఆయన బ్రష్షులతో వాయిస్తుంటే ఎనిమిది లెక్కల తాళం ముక్క రికార్డు చేసుకున్నాడు. దాన్ని ప్యాడ్ అనే మిషన్లో పెడితే, బటన్ నొక్కిన దగ్గర్నుంచి ఆ ఎనిమిది లెక్కలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి. లూప్ అంటారు. నెమ్మదిగా నడిచే పాటలన్నిటికీ ఆ ఒక్క లూపే సరిపోయింది.

మరుసటేడు మే నెలలో ధనమ్మక్క కరోనాతో పోయింది. ఆసుపత్రి నుంచి నేరుగా సమాధుల తోటకే తీసుకెళ్ళారు. నీలం రంగు తొడుగులు వేసుకున్న నలుగురు దింపారు. పాస్టరు గారు దూరంగా నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేశారు. పాట పాడొద్దన్నారు. నలభై ఏళ్ళుగా ఎవరింట్లో చావు జరిగినా ముందు గొంతెత్తే మనిషి, పాట లేకుండా వెళ్ళిపోయింది. మేమెవరమూ వెళ్ళలేదు. భయం.

చర్చి తెరిచాక కమిటీ కూర్చుంది. డ్రమ్ములు చోటు తినేస్తున్నాయి, సౌండు అదుపులో ఉండదు, పెద్దవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి, ఎటూ ఆయన వాయింపే ప్యాడ్‌లో ఉంది కదా అన్నారు. డ్రమ్ములు స్టోరు గదిలోకి వెళ్ళాయి. ఆ తీర్మానం రాసింది నా చేత్తోనే.  ఆయన మాత్రం ఒక్క ఆదివారం మానకుండా వచ్చి, తనని పక్కకి నెట్టిన ఆ లూప్‌నే స్పీకరు కింద కూర్చుని వినేవారు. కొందరు ఆహా ఎంత తగ్గింపు, ఎంత వినయం అన్నారు. కొందరు సిగ్గులేదు అన్నారు. నేను చెవుడన్నాను.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. వార్షికోత్సవానికి గుడివాడ నుంచి ఒక పాటల బృందం వచ్చింది. దాన్ని నడిపించే షీబా అనే అమ్మాయి సంగీతం టీచరు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "ఆంటీ, ఏమనుకోకండి. మీ ఆడవాళ్ళు చప్పట్లు ఒకటి ఎక్కువ కొడుతున్నారు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఒక కొసరు చప్పట వస్తోంది. అది తప్పు" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా చర్చికి నూట ఇరవై ఏళ్ళమ్మా. మా అమ్మా, మా అమ్మమ్మా ఇలాగే కొట్టారు" అన్నాను. ఆ అమ్మాయి పాపం పెరుగన్నం కలుపుకుని ఊరుకుంది.

ఈ సంవత్సరం ఏప్రిల్‌లో చర్చికి కొత్త సౌండు సిస్టమ్ వచ్చింది. రాజ్ కుమార్ మూడు రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం ఆరాధన ముందు ఏలీయా గారి దగ్గరికి వెళ్ళి, నా ఎదురుగానే, "అంకుల్, మీ లూప్‌లో వెనకాల ఏదో గిన్నె చప్పుడు ఉందండీ. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. మొత్తం తీసేశాను, ఇప్పుడు నీట్‌గా వస్తుంది వినండి" అన్నాడు. మంచి పని చేశానని వాడి మొహం చాటంత అయింది.

పాట మొదలైంది. ఏలీయా గారు కళ్ళు తెరిచారు. స్పీకరు వంక చూశారు. మొదటి చరణం కాకుండానే లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. కుర్చీ అక్కడే ఉండిపోయింది. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

నాలుగో వారం నేనే బయల్దేరాను, నాలుగు కేకలు వేద్దామని. మధ్యాహ్నం పన్నెండున్నర. రెండు గదుల ఇల్లు. బల్ల మీద కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్న పప్పు, దొండకాయ వేపుడు, దారం ముడి విప్పకుండా కవర్లలోనే ఉన్నాయి. రైస్ కుక్కర్లో అన్నం. పొయ్యి మీద ఒక్క మూకుడు లేదు.

"ఏంటండీ ఈ అలక? ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడా?" అన్నాను.

"అలక ఇప్పుడు కాదు టీచరుగారూ, అప్పుడే అలిగాను. ఒకసారి వాయించింది మళ్ళీ వాయించకూడదని నేర్చుకున్నవాణ్ణి. నన్నే మిషన్లో పెట్టి తిప్పుతున్నారే అని ఒళ్ళు మండింది. చర్చి తెరిచిన మొదటి ఆదివారం, మధ్యలో లేచిపోయి మీ అందరికీ బుద్ధి చెబుదామనే వచ్చాను. అప్పుడు వినపడింది."

"ఏం వినపడింది?"

"దాని గరిటె."

నాకు అర్థం కాలేదు. ఆయన వంటింటి గుమ్మం వైపు చూస్తూ చెప్పారు. హాస్టల్లో వంట చేసిన అలవాటు ధనమ్మక్కది. కూర కలిపాక గరిటెకి అంటుకున్నది రాలడానికి గిన్నె అంచు మీద ఒక్క దెబ్బ కొట్టేది. పెళ్ళైన కొత్తలో ఈయన పీట మీద బ్రష్షులతో వాయించుకుంటుంటే, వంటింట్లోంచి ఆ దెబ్బ పడేది. ఒకరోజు తాళానికి ఇటు, ఒకరోజు అటు. ఈయన దానికి జవాబు వేసేవారు. మళ్ళీ ఇంకోటి పడేది. ముప్ఫై ఏళ్ళు అలా గడిచింది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఆ రోజు రాజ్ కుమార్ వచ్చినప్పుడు, రికార్డింగ్ అవుతుంది, చప్పుడు చెయ్యొద్దు అని చెప్పాను. ఏడుకీ ఎనిమిదికీ మధ్య చోటు వదిలాను, అలవాటు కొద్దీ. అక్కడ ణంగుమని కొట్టింది. కోపమొచ్చింది. పాడుచేశావు గదే, బుద్ధుందా అన్నాను, పరాయి కుర్రాడి ముందు. అది నవ్వింది. బాగానే ఉందిలెండి, కూర చల్లారిపోతుంది, రండి అంది. రాజ్ కుమార్ కూడా ఫర్వాలేదన్నాడు. అలా ఉండిపోయింది."

బల్ల మీది పప్పు కవరు పక్కకి జరిపారు.

"కావాలని కొట్టిందో, కూర కోసమే కొట్టిందో నాకు తెలీదు టీచరుగారూ. తిట్టాను కదా, అడిగే మొహం ఎక్కడిది? ప్రతి ఆదివారం విని తేల్చుకుందామనుకునేవాణ్ణి. ఒక వారం కావాలనే అనిపించేది. ఇంకో వారం కాదనిపించేది."

నాకు దుఃఖం ఆగలేదు. వెనక్కి జరగండి, వినికిడి పోతుంది అని చెప్పిన నోరు ఇదే. ఆయనే లేచి మంచినీళ్ళు ఇచ్చారు.

అక్కడి నుంచి ఆటో ఎక్కి నేరుగా రాజ్ కుమార్ షాపుకి వెళ్ళాను. పాతది ఎక్కడుందో అక్కడ నుంచి తీసి పెట్టు అన్నాను. "లేదు టీచర్. పాతదాని మీదే సేవ్ చేశాను. రికార్డు చేసిన ఫోను ఎక్స్చేంజ్‌లో పోయింది" అన్నాడు. సంగతంతా చెప్పేసరికి, చేతిలో విప్పి ఉన్న ఫోను కౌంటరు మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. మర్నాడు వాళ్ళింట్లో గరిటెతో గిన్నె మీద కొట్టి రికార్డు చేసి, లూప్‌లో సరిగ్గా అదే చోట అతికించి పట్టుకెళ్ళాడట. ఏలీయా గారు రెండుసార్లు విని, "బాగుంది బాబూ, కానీ ఇది వేరేవాళ్ళ గరిటె" అన్నారట.

మే నెలలో ధనమ్మక్క పోయి మూడేళ్ళు నిండాయి. మాలో ఏడాదికోసారి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుని, పాటలు పాడి, నలుగురికీ భోజనం పెడతారు. ఏలీయా గారు ఒక్క ఏడు కూడా పెట్టలేదు. ఈసారి నేను పట్టుబట్టాను. "అక్కకి మనం ఒక పాట బాకీ బావగారూ. ప్యాడ్ వద్దు. మీరే వాయించండి" అన్నాను.  "అక్కడ ఏం వెయ్యను టీచరుగారూ? ఆ చోట?" అన్నారు.  "ఖాళీగా వదిలెయ్యండి" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

స్టోరు గదిలోంచి డ్రమ్ములు తీసి, బూజు దులిపి, తుడిచి బిగించింది రాజ్ కుమారే. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ వెళ్ళకుండా కూర్చున్నారు. ఏలీయా గారు తెల్ల చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని వచ్చారు. ఆ స్టూలు మీద ఆయన్ని చూసి నాలుగేళ్ళైంది, చిక్కిపోయారని అప్పుడు తెలిసింది. సంచీలోంచి బ్రష్షులు తీశారు. అక్క ఎప్పుడూ ఎత్తుకునే పాటే నేను ఎత్తుకున్నాను. నా గొంతు బాగుండదు. అయినా నేనే ఎత్తుకున్నాను.

బ్రష్షులు మెత్తగా కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఏడు దాటగానే ఆయన చేతులు డ్రమ్ము మీద నుంచి లేచాయి. నేనన్న మాట ప్రకారం ఆ చోటు వదిలేశారు. నేను పాడుతూనే కళ్ళు మూసుకున్నాను, ఆ ఖాళీ చూడలేక.

ఖాళీ రాలేదు. చప్పట పడింది.

ఒకరిద్దరిది కాదు. చాపల మీద ఉన్న అరవై మంది ఆడవాళ్ళది, ఒక్క దెబ్బ. ఎవరూ ఎవరినీ చూడలేదు. ఎవరూ అనుకుని కొట్టలేదు. గుడివాడ షీబా తప్పన్న కొసరు చప్పట అదే. మూడేళ్ళు ఆదివారం ఆదివారం లూప్‌లో గరిటె వింటూ, అది గరిటె అని తెలియకుండానే మా చేతులు నేర్చేసుకున్నాయి. మా అమ్మదీ కాదు, మా అమ్మమ్మదీ కాదు, ధనమ్మక్కది. కళ్ళు తెరిచి చూస్తే నా చేతులు కూడా కలిసే ఉన్నాయి.

ఏలీయా గారు తలెత్తారు. చేతులు ఒక్క క్షణం గాల్లో ఉండిపోయాయి. తర్వాత ఆ చప్పటకి ఒక జవాబు వేశారు. మళ్ళీ చోటు వదిలారు. మళ్ళీ చప్పట. ఈసారి జవాబు వేరు. ప్రతిసారీ వేరు. చరణాలన్నీ అయిపోయాయి, ఆయన ఆపలేదు. పల్లవి ఎన్నిసార్లు పాడామో నాకు లెక్క లేదు. ఎవరూ వెనక్కి తిరిగి గుర్రుగా చూడలేదు. ఆయన కళ్ళ నీళ్ళు డ్రమ్ము మీద పడుతుంటే బ్రష్షు వాటిని కూడా కలుపుకుని రాస్తోంది.

భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చారు. "ఆ చప్పట ఎక్కడిదో ఎవరికీ చెప్పకండి టీచరుగారూ. తెలిస్తే తాళం తప్పుతారు" అన్నారు. సరేనన్నాను. మిగిలిన పప్పు, కూర డబ్బాలో సర్ది ఇచ్చాను. బ్రష్షుల సంచీ ఒక చేత్తో, డబ్బా ఒక చేత్తో పట్టుకుని, ఎండలో నడుచుకుంటూ ఒక్కరే ఇంటికి వెళ్ళారు.

డ్రమ్ములు మళ్ళీ చర్చిలోకి వచ్చాయి. తీర్మానం మళ్ళీ నేనే రాశాను. కానీ ఆ ఇంట్లో పొయ్యి మీద ఇప్పటికీ మూకుడు ఎక్కదు. వారంలో ఆరు రోజులు ఆ మనిషితో మాట్లాడే చప్పుడు లేదు. ఆదివారం ఒక పాట, ఆ పాటలో ఆ ఒక్క చోటు, ఆయనకి ఉన్నది అంతే. మావాళ్ళు సంఘ పత్రికే చదవరు, ఇదెవరు చదువుతారన్న ధైర్యంతో రాస్తున్నాను. ఆయన చెప్పింది నిజం. తెలిసిపోయిన దగ్గర్నుంచి నాకు ఆ చప్పట సరిగ్గా పడటం లేదు, ముందో వెనకో పడుతోంది. అందుకని ఆ చోటు వచ్చేసరికి నేను చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను. మిగతా వాళ్ళు కొడతారు.